రెండు పతాకముల నడుమ ఒక ఆటగాడు



నేను నలువది సంవత్సరములు పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. బాల్యమున గురువుగారి అరుగుమీద కూర్చుండి అమరము వల్లించి, పిదప కావ్యములు చదివికొని, ఆ చదువుతోనే జీవనము గడపితిని. ఇట్టివాడు కాలిబంతి ఆటను గూర్చి, అందును ఎక్కడనో పోలెండు దేశమున ఆడిన ఒక ఆటగానిని గూర్చి ప్రసంగించుట ఏమని మీకు తోచవచ్చును. నేటి ప్రసంగమునకు ఆట నెపము మాత్రమే. అందలి తగవు ముఖ్యము. రచ్చబండకడ ఇరువురి మాటయు విని తీర్పు చెప్పిన పెద్దలు మీలో అనేకులు కలరు. అట్టి వారి యెదుట ఈ తగవును ఉంచవలెనని నా కోరిక. ప్రతివాది నేడు జీవించి లేడు. అతని పేరు ఎర్నెస్ట్ విలిమోవ్‌స్కి. అతనిపై మోపిన నేరము దేశద్రోహము.

మొదట అతడు పుట్టిన నేలను గూర్చి చెప్పవలెను. ఆ నేల సంగతి తెలియక ఆ మనుష్యుని సంగతి తెలియదు.

పోలెండు ప్రాచీనమయిన రాజ్యము. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా అను మూడు పొరుగు రాజ్యములు దానిని ముమ్మారు పంచుకొనగా, 1795లో అది భూపటమునుండి తుడిచివేయబడెను. నూటయిరువదిమూడు సంవత్సరములు పోలులకు భాష యున్నది, పాటలున్నవి, దేవాలయములున్నవి, రాజ్యము మాత్రము లేదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన 1918లో అది మరల లేచెను. ఆ దేశమునకు నైరుతిదిక్కున సైలీషియా యను సీమ కలదు. భూమిక్రింద బొగ్గు, భూమిపైన ఇనుము కరగించు కొలుములు. ఒకే వీథిలో ఒక ఇంట జర్మను, ప్రక్కయింట పోలిషు, పెక్కిండ్లలో రెండును కలగలిసిన మాట. ఈ సీమ ఎవరిదను వివాదమున 1919, 1920, 1921 సంవత్సరములలో మూడు తిరుగుబాట్లు జరిగెను. 1921 మార్చి 20న ప్రజాభిప్రాయము సేకరించిరి. తుదకు సీమను రెండుగా చీల్చి, కటోవిత్సె నగరముతో కూడిన తూర్పుభాగమును 1922లో పోలెండునకు ఇచ్చిరి. పొలిమేర రాయి జరిగినది గాని ఇండ్లు జరుగలేదు. రాత్రి జర్మనీలో పండుకొన్న గృహస్థు తన మంచముమీదనే పోలెండులో మేలుకొన్నట్లాయెను.

ఆ కటోవిత్సె నగరముననే 1916 జూన్ 23న మన కథానాయకుడు జన్మించెను. నాడది జర్మను చక్రవర్తి ఏలుబడిలోనిది. పుట్టినప్పుడు అతని పేరు ఎర్నెస్ట్ ప్రాండెల్లా. కన్నతండ్రి జర్మను సైనికుడై ఆ యుద్ధముననే మరణించెను. తల్లి పునర్వివాహము చేసికొనగా, సవతితండ్రి యింటిపేరు ఇతనికి వచ్చెను. అందుచేత అతడు విలిమోవ్‌స్కి యయ్యెను. పేరు మార్చునప్పుడు గాని, సరిహద్దు మార్చునప్పుడు గాని ఆ బాలుని సమ్మతి ఎవరును అడుగలేదు. కుంతికి పుట్టి రాధేయుడని పిలువబడిన కర్ణుని కథ తెలిసిన మనకు ఇది వింతగా తోచదు. ఇంట జర్మను, వీథిలో సైలీషియా యాస, బడిలో పోలిషు. ఈ మూటి నడుమ అతడు పెరిగెను.

ఆట అతనికి సహజముగా అబ్బినది. సన్ననివాడు, ఎఱ్ఱని జుట్టువాడు, కుడికాలికి ఆరు వ్రేళ్లు గలవాడు. బంతి ఆ కాలికి అంటినదా యన్నట్లు అతనివెంట నడచెడిది. ఆట తెలియని వారికి ఒక్క మాట. ప్రక్కకు పదునొకండుగురు చొప్పున తొంబది నిమిషములు ఆడుదురు. ఎదుటివారి రెండు స్తంభముల నడుమకు బంతిని పంపుట గోలు. ఆ గోలు చేయుటయే అతని విద్య. మొదట కటోవిత్సెలోని జర్మనుల సంఘమున ఆడి, పదునేడు పదునెనిమిదేండ్ల ప్రాయమున పొరుగునగల వియెల్కె హైదుకి యను కార్మికుల ఊరి సంఘమునకు, రూఖ్ అనుదానికి, మారెను. 1934లో ఆ సంఘము పోలెండు విజేతయయ్యెను. ఆ యేట ముప్పదిమూడు గోలులు చేసి దేశమంతటను మొదటివాడయినది ఈ కుర్రవాడే. 1935, 1936, 1938లలో సహితము విజయము రూఖ్ సంఘమునదే. 1939 మే 21న ఊజ్ నగరపు జట్టుపై ఒక్క ఆటలో ఒక్కడే పది గోలులు చేసెను.

గుణములు చెప్పి దోషములు దాచుట తగవరికి తగదు. ఇతడు మద్యపానము వలనను నియమోల్లంఘనము వలనను తన దేశపు క్రీడాసమాజముచేతనే దండింపబడెను. ఆ కారణముననే 1936 బెర్లిను ఒలింపిక్ పోటీలకు ఇతనిని కొనిపోలేదు. ఇతడు లేకయే పోలెండు అందు నాల్గవ స్థానము పొందెను. ఉన్నచో ఏమగునో యని ఆ దేశపువారు చిరకాలము నిట్టూర్చిరి.

ఇక 1938 జూన్ 5. ఫ్రాన్సు దేశమున స్త్రాస్‌బూర్గ్ నగరము. ప్రపంచపు పోటీలో పోలెండు ఆడిన మొదటి ఆట అది, ఎదుట బ్రెజిలు. ఓడినవాడు ఇంటికి పోవలసినదే, రెండవ అవకాశము లేదు. మొదటి అర్ధభాగము ముగియునప్పటికి బ్రెజిలు మూడు, పోలెండు ఒకటి. ఆ ఒక్కటియు విలిమోవ్‌స్కిని పడద్రోసినందులకు ఇచ్చిన పెనాల్టీవలన వచ్చినదే. దానిని కొట్టినవాడు షెర్ఫ్‌కె. ఈ షెర్ఫ్‌కె పేరు జ్ఞాపకముంచుకొనుడు, మరల వచ్చును. విరామానంతరము విలిమోవ్‌స్కి ఆరు నిమిషముల వ్యవధిలో రెండు గోలులు చేసి సమానము చేసెను. బ్రెజిలు మరియొకటి చేసెను. ఆట ముగియుటకు ఒక్క నిమిషమున్నదనగా ఇతడు మూడవది చేసి మరల సమానము చేసెను. అధిక సమయము ఇచ్చిరి. బ్రెజిలు వీరుడు లియోనిదాస్ రెండు చేసెను. ఇతడు ఒకటి చేసెను. లెక్క ఆరు, అయిదు. పోలెండు ఓడెను. పోలెండు చేసిన అయిదింట నాలుగు ఇతనివే. ప్రపంచపు పోటీలో ఒకే ఆటయందు నాలుగు గోలులు చేసిన మొదటివాడు ఇరువదియొక్క యేండ్ల ఈ కటోవిత్సె కుర్రవాడు, అదియు ఓడిన పక్షమున నుండి. రష్యావాడొకడు అయిదు చేసి ఆ సంఖ్యను మించుటకు 1994 వరకు పట్టెను. ఇక పోలెండు ప్రపంచపు పోటీలో మరల అడుగుపెట్టినది ముప్పదియారేండ్ల తరువాత, 1974లో.

మరుసటి యేడు 1939 ఆగస్టు 27, ఆదివారము. వార్సా నగరమునకు హంగెరీ జట్టు వచ్చెను. అది అంతకు ముందటి యేట ప్రపంచమున రెండవ స్థానము పొందిన జట్టు. మొదట రెండు గోలులు హంగెరీవారే చేసిరి. పిదప విలిమోవ్‌స్కి మూడు చేసెను. పియోంతెక్ అనువాడు ఒకటి చేసెను. నాలుగు, రెండు. వార్సా ప్రజలు ఆనందముతో ఇండ్లకు పోయిరి. అయిదవనాడు, సెప్టెంబరు 1, శుక్రవారము తెల్లవారుజామున జర్మను సేనలు సరిహద్దు దాటెను.

పోలెండు పక్షమున అతడాడినవి ఇరువదిరెండు ఆటలు, చేసిన గోలులు ఇరువదియొకటి. అంతటితో లెక్క నిలిచిపోయెను. అప్పటికి అతనికి ఇరువదిమూడేండ్లు.

తగవు ఇక్కడ మొదలగుచున్నది.

సైలీషియాను జర్మనీ తన రాజ్యముననే కలిపికొనెను. ఆక్రమిత ప్రాంతములలో పోలులకు సంఘములు పెట్టుటయు, ఆటలు ఆడుటయు నిషేధము. క్రాకోవ్ వంటి పట్టణములలో యువకులు కావలివారిని నిలిపికొని చాటుగా బంతి ఆడుకొనిరి. సైలీషియాలో ప్రజలను జర్మను జనుల పట్టికలో చేర్చిరి. చేరనొల్లనివానికి ఇల్లు విడుచుటయో, నిర్బంధశిబిరమో ప్రాప్తించును. కటోవిత్సె బిషప్పు ఆడమ్‌స్కి తన జనులు నిర్మూలము కాకుండుటకై, మనస్సు వేరుగానున్నను చేవ్రాలు చేయుడనియే సలహా యిచ్చెను. లక్షలమంది చేరిరి. వారి కుమారులను జర్మను సైన్యమునకు పట్టుకొనిపోయిరి. విలిమోవ్‌స్కి సహితము ఆ పట్టికలో చేరెను.

ఇంతవరకైనచో అతనిని వేరుగా నిలువబెట్టి అడుగవలసిన పని లేదు. అతడు ఇంకను ముందుకు పోయెను. సాక్సనీ సీమలోని కెమ్నిట్స్ నగరమున పోలీసువారి జట్టులో చేరెను. 1941 జూన్ 1న బుకారెస్టు నగరమున రుమేనియాపై జర్మనీ పక్షమున ఆడి రెండు గోలులు చేసెను. 1942 అక్టోబరులో బెర్న్ నగరమున స్విట్జర్లాండుపై నాలుగు చేసెను. జర్మనీ పక్షమున మొత్తము ఎనిమిది ఆటలు, పదుమూడు గోలులు. ఆ సంవత్సరము నవంబరులోనే మ్యూనిక్ నగరపు 1860 సంఘము జర్మను కప్పును గెలుచుకొన్న ఆటలో ఒక గోలు ఇతనిది. ఆటకు ముందు చేయి చాచి నాజీ వందనము చేయుట జర్మను జట్టునకు విధి. ఏ సేనలు వార్సాను కాల్చెనో ఆ సేనల పతాకము క్రింద, వార్సాలో మూడు గోలులు చేసిన ఆ కాలే ఆడెను. వాది పక్షమున ఇంతకంటె గట్టి మాట లేదు.

వాది ఇంకను సాక్షులను పిలువవచ్చును. పోలెండు జట్టునకు మొట్టమొదటి గోలును 1922లో స్టాకుహోముయందు చేసినవాడు యూజెఫ్ క్లోట్స్ అను యూదుడు. 1941లో వార్సాలో నాజీలచే హతుడయ్యెను. అదే యేట లేయోన్ స్పెర్‌లింగ్ అను మరియొక యూదుడు, 1924 పారిసు ఒలింపిక్కులలో పోలెండు పక్షమున ఆడినవాడు, ల్వూవ్ నగరమున యూదులను బంధించిన పేటలో తుపాకికి బలియయ్యెను. 1938 ప్రపంచపు పోటీకి ఎంపికయిన ఇరువదిద్దరిలో ఒకడగు ఆంతోని వికో ఆష్విట్స్ శిబిరమున కాల్చివేయబడెను. అది 1941 జూలై. విలిమోవ్‌స్కి బుకారెస్టులో రెండు గోలులు చేసిన తరువాతి నెల. ఆ ఆష్విట్స్ కటోవిత్సెకు సుమారు ఇరువది మైళ్ల దూరము మాత్రమే. స్త్రాస్‌బూర్గ్‌లో జట్టును నడపిన యూజెఫ్ కవూజా జర్మనులు పిలిచినను వారి కొలువునకు పోక, కష్టములలోనే 1944లో కన్నుమూసెను. వీరందరిని తలచినప్పుడు, ఆడితిని గాని చంపలేదను మాట చాలునా యని వాది అడుగును. ఆ ప్రశ్న న్యాయమయినదే.

ప్రతివాది పక్షమునను మాటలు కలవు. అతడు పుట్టుకచే జర్మను పౌరుడు. ఆరవయేట పోలిషు పౌరుడయ్యెను. ఇరువదిమూడవయేట మరల జర్మను పౌరుడనిరి. అతనికి ఆట తప్ప వేరు విద్య లేదు. దేహదార్ఢ్యముగల యువకునకు ఆట విడిచినచో యుద్ధభూమియే గతి. అతని తల్లి ఒక యూదునితో స్నేహము కలిగియున్న నేరమునకు ఆష్విట్స్ శిబిరమున బంధింపబడెననియు, ఇతడు తన ప్రఖ్యాతి నాధారముగా గొని ఆమెను విడిపించుటకు ప్రయత్నించెననియు అతని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మనయిండ్ల ముసలి తల్లుల మొగములు ఒకసారి తలచుకొని ఈ మాటను తూచవలెను.

మన ఇతిహాసములు ఇట్టి చిక్కులకు కొత్తవి కావు. విభీషణుడు అన్నను విడిచి రామునికడకు పోయెను. నేటికిని ఇంటి గుట్టు లంకకు చేటని అతని పేరు చెప్పియే అనుకొందుము, ఆ నోటనే అతనిని భక్తుడని కొలుతుము. యుయుత్సుడు ధృతరాష్ట్రుని కొడుకై యుండియు, ధర్మరాజు పిలిచినప్పుడు రెండు సేనల నడుమ నడచి ఇటు వచ్చెను. ఈ యిరువురును ధర్మమెటో చూచి, స్వేచ్ఛతో పక్షము మార్చినవారు. విలిమోవ్‌స్కికి ఆ కీర్తి దక్కదు. అతడు ధర్మమును వెదకి పోలేదు. శల్యుని కథ ఇతనికి దగ్గఱ. శల్యుడు మేనల్లుండ్రగు పాండవులకు తోడుపడుటకే బయలుదేరెను. దారిలో దుర్యోధనుడు మాటున నుండి చేసిన ఆతిథ్యమునకు లోబడి, మాట యిచ్చి, అటువైపు నిలిచెను. భారతము శల్యుని పొగడలేదు. కాని అతని పేరిట ఒక పర్వమే యున్నది. పరపక్షమున నిలిచెనని అతని పేరును కొట్టివేయలేదు. అతడేమి చేసెనో, ఏల చేసెనో, రెంటిని వ్రాసి మనకు విడిచెను.

పోలెండునందు యుద్ధానంతరము జరిగినది వేరు. జర్మను పట్టికలో చేరినవారిపై విచారణలు సాగెను. విలిమోవ్‌స్కి తిరిగి పోలేదు. ద్రోహి యను ముద్రతో అతని పేరును పలుకుటయే మానిరి. పశ్చిమ జర్మనీలో చిన్న చిన్న సంఘములలో నలువది యేండ్లు దాటువరకు ఆడుచు, తక్కిన జీవితమంతయు అచ్చటనే గడపి, 1997 ఆగస్టు 30న కార్ల్స్‌రూహె నగరమున మరణించెను. 1989లో పోలెండు ప్రభుత్వవిధానము మారిన పిదప అతని కథను మరల విప్పి చదువువారు బయలుదేరిరి. నేటికిని ఆ తగవు అచ్చట తేలలేదు.

ఇందాక జ్ఞాపకముంచుకొనుడంటినే, ఆ షెర్ఫ్‌కె సంగతి విని తీర్పునకు కూర్చుండుడు. ఇతడు పోజ్‌నాన్ నగరపు జర్మను కుటుంబమువాడు. ప్రపంచపు పోటీలో పోలెండుయొక్క మొట్టమొదటి గోలు ఇతనిదే. ఆక్రమణకాలమున ఇతడును జర్మను పట్టికలో చేరెను; జర్మను సైనికుని దుస్తులు ధరించెను. కాని ఆ దుస్తులతోనే పోయి, తనతో నాడిన పోలిషు మిత్రులను నిర్బంధమునుండి కాపాడెను. పతాకము ఒక్కటే, దాని క్రింద ఇతడు చేసిన పని వేరు. ఏ పక్షమున నున్నాడని అడిగినచో షెర్ఫ్‌కెకును విలిమోవ్‌స్కికిని ఉత్తరమొకటే. తన చేతనయినంతలో పొరుగువానికి ఏమి చేసెనని అడిగినచో ఉత్తరములు వేరగును. నా మనస్సునకు రెండవ ప్రశ్నయే తగవరి అడుగదగిన ప్రశ్న.

ఆ ప్రశ్ననే అడిగి నాకు తోచిన తీర్పు చెప్పెదను. సరికానిచో మీరు దిద్దుకొనుడు. పట్టికలో చేవ్రాలు చేసినందులకు అతనిని ద్రోహి యనరాదు. పొలిమేర రాయిని తాను జరుపనివానిని, అది జరిగినందులకు శిక్షింపరాదు. తల్లికొరకు చేసిన ప్రయత్నమునకు అతనికి పుణ్యమే. అయినను తోడి ఆటగాండ్రు తుపాకులయెదుట నిలిచిన దినములలో ఆ తుపాకులవారి పతాకమునకు కీర్తి కూర్చిన పదుమూడు గోలులు అతని లెక్కలో మచ్చగానే నిలుచును. మచ్చను కడుగుటకు మనకు అధికారము లేదు. అట్లే స్త్రాస్‌బూర్గ్‌లో చేసిన నాలుగింటిని, వార్సాలో చేసిన మూటిని కొట్టివేయుటకును అధికారము లేదు. జమయు ఖర్చును రెండును వ్రాసిననే అది చిట్టా యగును. ఒక ప్రక్క చింపిన పుస్తకమును ఏ కరణమును ఒప్పుకొనడు.

మన పల్లెలలోను కరవులు, కలహములు, ప్రభుత్వముల మార్పులు వచ్చినప్పుడు ఎవడు ఎటు నిలిచెనను మాట తరతరములు నిలిచిపోవును. తాత చేసిన పనికి మనుమనిని వేలెత్తి చూపు ఇండ్లను నేనెరుగుదును. అట్టి మాట రచ్చబండకడకు వచ్చినప్పుడు, పెద్దలారా, మూడు విషయములు విచారింపుడు. ఆ దినమున అతని యెదుట ఎన్ని దారులు తెరచియుండెను? తెరచియున్నవానిలో ఏది ఎంచుకొనెను? ఆ దారిని పోవుచు ఎవరికి కీడు చేసెను, ఎవరికి మేలు చేసెను? ఈ మూడును తెలియకముందు ద్రోహి యను మాట నోట రానీయకుడు. ఆ మాట పలుకుట క్షణము. దానిని మోయువానికి జీవితమంతయు చాలదు.